పని లేని ఇంట్లో పొద్దు



దీపావళి దాటినాక కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు దిక్కు పోయినవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. వీధి పొడుగునా తలుపులకు తాళాలు. అరుగు మీద ఒక జేజి, పక్కన బడి సంచితో మనవడు. మిగతావాళ్లు ఏరని అడిగితే "సుగ్గికి పోయినారు" అంటుంది. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, తెలంగాణలో పత్తి తీయడానికి, బెంగళూరులో మేస్త్రీల కింద సిమెంటు మోయడానికి. బియ్యం మూట, వంటసామాను, దుప్పట్లు, చంటిబిడ్డ, అన్నీ ఒకే బండిలో సర్దుకుని పోతారు. ఇంటి దగ్గర మిగిలిన పిల్లల కోసం సర్కారు సీజనల్ హాస్టళ్లు తెరుస్తుంది. పత్రికలు రాస్తాయి, నాయకులు మాట్లాడతారు. జరిగేది చాలదు గానీ, ఆ కష్టం కనీసం లోకం కంట్లో పడుతుంది.

ఈ పూట నేను మాట్లాడాలనుకున్నది తాళం వేయని ఇండ్ల గురించి. తలుపు తీసే ఉంది, మనిషి ఇంట్లోనే ఉన్నాడు, పని మాత్రం లేదు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల దిక్కున నాపరాళ్ల గని ఆగిపోయి కూర్చున్న కూలీ. పాలిష్ ఫ్యాక్టరీలో మిషన్లు సగం నిలిపేస్తే "పిలిచినప్పుడు రా" అనిపించుకుని వచ్చిన పనివాడు. కువైట్‌లో పని పోయి రాయచోటికి, రాజంపేటకు తిరిగొచ్చిన డ్రైవరు, ఇండ్లల్లో చాకిరీ చేసి వచ్చిన అమ్మ. బీఈడీ పట్టా చేతిలో పెట్టుకున్న పిల్లలు. 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ పెద్ద డీఎస్సీ జరిగింది 2025లో, 16,347 టీచరు పోస్టులకు. ఈ రెంటి నడుమ గడిచిన కాలం ఒక పిల్లవాడికి ఇరవై మూడో ఏడు నుంచి ముప్పయ్యో ఏడు దాకా. కోచింగు ఫీజు కోసం తండ్రి ఎనుమును అమ్ముకున్న ఇండ్లు మన చుట్టూ ఉన్నాయి. జమ్మలమడుగు ప్రాంతంలో ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో ఒకసారి, 2018లో, 2019లో, 2023లో మళ్లీ మళ్లీ పునాదిరాళ్లు పడ్డాయి. ప్రతిసారీ చుట్టుపక్కల ఊళ్లలో ఎందరో తల్లులు మనవాడికి ఇక్కడే పని దొరుకుతుందని లెక్క వేసుకున్నారు.

ఇట్లాంటి ఇంట్లో మనుషులు నమ్మకం ఎట్లా నిలబెట్టుకోవాలి? నేను చెప్పాలనుకున్నది అంతవరకే.

పని పోతే ముందు పోయేది డబ్బనే అనుకుంటాం. అది నిజమే, కానీ దాని వెనకాలే ఇంకొకటి పోతుంది. ఆస్ట్రియా దేశంలో వియన్నా దగ్గర మరియెంటాల్ అనే చిన్న ఊరు ఉంది. ఊరంతా ఒకే నూలుమిల్లు మీద బతికేది. 1930 నాటికి ఆ మిల్లు మూతపడింది. 478 కుటుంబాలు ఉంటే చాలా ఇండ్లల్లో పనిచేసే మనిషే లేకుండా పోయాడు. మేరీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే యువ పరిశోధకులు తమ బృందంతో ఆ ఊరికి పోయి, జనం ఎట్లా బతుకుతున్నారో చూసి 1933లో పుస్తకం వేశారు. పని లేదంటే తీరిక దొరికినట్టే కదా, లైబ్రరీ కిటకిటలాడాలి కదా. రెండేండ్లలో పుస్తకాలు తీసుకుపోవడం దాదాపు సగానికి పడిపోయింది. పనిలేనివాళ్లకని చందా తగ్గించినా పత్రిక తెప్పించుకునేవాళ్లు తగ్గారు. వీధిలో మగవాళ్ల నడక నెమ్మదించింది, నడుమ నడుమ ఊరికే నిలబడిపోయేవాళ్లు. పొద్దున్నుంచి ఏం చేశావని అడిగితే చెప్పడానికి ఏమీ తోచేది కాదు. ఆడవాళ్ల నడక మాత్రం మందగించలేదు. వంట, బట్టలు, బిడ్డలు, అతుకుల గుడ్డలు, వాళ్ల పొద్దు వాళ్లకు చాలేది కాదు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు ఆస్ట్రియా గుర్తుకు రాలేదు, ఆదోని, ఎర్రగుంట్ల గుర్తుకొచ్చాయి. ఇంటాయన తొమ్మిదైనా మంచం దిగడు. చేతిలో సెల్లు, కండ్లు ఎక్కడో. పదకొండుకు టీ అంగడి, మధ్యాహ్నం మళ్లీ మంచం, రాత్రికి నిద్ర రాదు. ఇంటామె మాత్రం తెల్లవారక ముందే లేచి సంగటి కెలికి, గడ్డపార తీసుకుని కరువు పనికి పోయి, వచ్చి బిందెలు పట్టుకుని కొళాయి దగ్గర నిలబడుతుంది. ఉపాధి హామీ పనిని మన సీమలో ఇప్పటికీ చాలామంది కరువు పని అనే అంటారు. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం మొదలైంది మన పక్కనే, అనంతపురం జిల్లా బండ్లపల్లెలో. పైసలు ఆలస్యమైనా సరే, ఆరు గంటలకు ఫలానా చెరువుకట్ట దగ్గర ఉండాలి అన్న ఒక మాట ఆ ఇంట్లో ఒక మనిషి పొద్దును నిలబెడుతోంది.

భక్తి చేసే మేలు కూడా ముందు ఇక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం. మొక్కుకుంటే ఉద్యోగం వస్తుందని నేను చెప్పను. మొక్కుకున్న మనిషి పొద్దున్నే లేచి స్నానం చేస్తాడని చెబుతాను. ఫజర్ నమాజుకు మసీదుకు పోయేవాడు నలుగురి మొహం చూస్తాడు. శనివారం దేవుని కడపకు పోయేవాడికి వారంలో శనివారం అనేది ఒకటి ఉంటుంది. ఆదివారం చర్చికి పోయే ఇంట్లో శనివారం రాత్రే తెల్లచొక్కా ఉతుకుతారు. పని పోయిన ఇంట్లో వారాలన్నీ ఒకటైపోతాయి. వాటిని మళ్లీ విడదీసి ఇచ్చేది ఆ గంట, ఆ అజాన్, ఆ పాట. ఉగాది నాడు కడప ముస్లింలు దేవుని కడపకు వచ్చి, తమ ఇంటి ఆడబిడ్డ బీబీ నాంచారమ్మను చేసుకున్న అల్లుడని వేంకటేశ్వరునికి టెంకాయ కొడతారు. ఈ నేలమీద భక్తి అంటే ఒంటరిగా కండ్లు మూసుకోవడం ఏనాడూ కాలేదు. నలుగురిలోకి పోవడమే.

కష్టం అసలు పట్టు పట్టేది కూడా ఆ నలుగురిలోకి పోయే దగ్గరే. ఒక ఇంటి మాట చెబుతాను, ఇది ఏ ఇల్లైనా కావచ్చు. బంధువుల ఇంట్లో పెండ్లి. కార్డు గోడ మేకుకు వేలాడుతోంది. ఆమె అడిగింది, "ఏమయ్యా, రేపే గదా. పోకుంటే ఎట్లా?" అతను గోడ దిక్కు తిరిగి అన్నాడు, "ఏం మొగం పెట్టుకోని పోవాల? మన పాప ఓణీల పండగకి మామ రెండువేలు చదివించినాడు. నోటుబుక్కులో రాసుకున్నాం గదా. ఇప్పుడు మనం ఐదునూర్లు చదివిస్తే ఊరంతా తెలుస్తాది."

ఆ చదివింపుల పుస్తకం మనందరి ఇండ్లల్లో ఉంది. ఎవరు ఎంత ఇచ్చారో పేరు, ఊరు, అంకె. అది మంచి మనసుతో పుట్టిన ఏర్పాటు. పెండ్లి ఖర్చు ఒక ఇంటి మీదే పడకుండా వందమంది తలా ఒక చెయ్యి వేయడానికి పెట్టుకున్నది. అదే పుస్తకం ఇప్పుడు పని పోయిన మనిషిని పెండ్లికి రాకుండా ఆపుతోంది. పెండ్లికి పోడు. తర్వాత తిరునాళ్లకు పోడు. చావుకు పోయినా అన్నం తినకుండా వచ్చేస్తాడు. ఎవరికైనా చెప్పుకుంటే ఎక్కడో ఒక గుమాస్తా పనైనా దొరికేదేమో, ఆ చెప్పుకునే మనుషులనే వదులుకున్నాడు. ఉద్యోగం ఒక యజమాని తీసేశాడు, బంధువులను మాత్రం పరువు తీసేసింది. పరువు మన సీమకు ప్రాణమని నాకు తెలుసు. కానీ పెండ్లికి పిలిచినవాళ్లలో నిజంగా ప్రేమ ఉన్నవాళ్లు ముందే ఫోన్ చేసి "చదివింపుల మాట ఎత్తితే ఒట్టు, పిల్లోల్లను తీసుకోని రాండి" అని ఒక్క మాట అంటే ఆ తలుపు తెరుచుకుంటుంది. ఈ పని ఖర్చు లేనిది. మనం చేయడం లేదు.

అడగడానికి సిగ్గుపడే మనిషికి ఒంటిమిట్ట కథ చెప్పాలనిపిస్తుంది. వావిలికొలను సుబ్బారావుగారు కడప జిల్లాలో పుట్టారు, 1863లో. రెవెన్యూ శాఖలో కొలువు చేశారు, ఆ తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితులు. వాల్మీకి రామాయణాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చి ఆంధ్ర వాల్మీకి అనిపించుకున్నారు. అంతటి మనిషి ఒంటిమిట్ట కోదండరాముని గుడి పాడుపడి ఉంటే చూడలేక, టెంకాయ చిప్ప చేతబట్టుకుని ఊరూరా భిక్షమెత్తారు. గుడికి పూర్వ వైభవం తెచ్చారు. ఆ చిప్ప మీదే ఒక శతకం రాశారు. ఆయన అడిగింది దేవుడి కోసం కదా, మనం అడిగేది కడుపు కోసం కదా అంటారేమో. చదువు, పదవి, పేరు అన్నీ ఉన్న మనిషి చెయ్యి చాచితే ఆయన గౌరవం తగ్గలేదు, అంతే నేను చెప్పేది. ఈ నేల ఆ చిప్పను చిన్నచూపు చూడలేదు.

మంత్రాలయం రాఘవేంద్రస్వామి సన్యాసం తీసుకోక ముందు వేంకటనాథుడనే గృహస్థు. భార్య, కొడుకు, ఇంట్లో పూటకు గతిలేని పేదరికం. ఒకచోట విందుకు పోతే ఆ పండితుణ్ని పట్టుకుని గంధం తీయమన్నారని, ఆయన మంత్రం చదువుతూనే తీశారని, ఆ గంధం పూసుకున్నవాళ్ల ఒళ్లు మండిందని సంప్రదాయం చెబుతుంది. 1621లో సన్యాసం, 1671లో తుంగభద్ర ఒడ్డున బృందావన ప్రవేశం. గురువారం మంత్రాలయం పోయి వరుసలో నిలబడేవాళ్లలో కూలీలున్నారు, వ్యాపారం దెబ్బతిన్నవాళ్లున్నారు. వాళ్లు మొక్కేది ఆకలి అంటే తెలిసిన మనిషికి. విందులో తక్కువగా చూడబడటం అంటే తెలిసిన మనిషికి. అందుకేనేమో అక్కడ వాళ్లు సిగ్గుపడరు.

ఆ ఆకలిని తెచ్చే కరువు కూడా మనకు కొత్త కాదు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి గంజి పోయించాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. జనం పాటలు కట్టుకున్నారు. పదేండ్లకు ధాత కరువు వచ్చింది, 1876 నుంచి 1878 దాకా. సర్కారు కరువు పనుల్లో మగమనిషి రోజుకూలిని బ్రిటిష్ అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ ఒక పౌను గింజలకు, ఒక అణాకు తగ్గించాడు. ఒక పౌను అంటే అరకిలో కూడా కాదు, రోజంతా రాళ్లు మోసే మనిషికి. 1871లో 9 లక్షలు దాటిన కర్నూలు జిల్లా జనాభా 1881 నాటికి 7 లక్షల లోపుకు పడిపోయింది. మనమందరం ఆ మిగిలినవాళ్ల పిల్లలం.

ఇక అప్పు. పని పోయిన రెండో నెలలో ఇంటి గడప దగ్గరికి వచ్చేది అదే. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే చిన్నగా వినిపిస్తుంది, ఏడాదికి 36 రూపాయలు. నూటికి పది అంటే ఏడాది తిరిగేసరికి అసలు కన్నా వడ్డీ ఎక్కువ. పదివేలు తెచ్చుకుంటే నెలకు వెయ్యి వడ్డీకే పోతుంది, అసలు అంగుళం కదలదు. ఇంట్లో బంగారం ఉంటే అది బ్యాంకులో పెట్టండి, వీధి చివర అంగట్లో పెట్టకండి. సెల్లులో రెండు నిమిషాల్లో అప్పిస్తామనే యాప్‌ల జోలికి పోకండి. వాళ్లు మీ ఫోన్లో ఉన్న పేర్లన్నీ తీసుకుని, మీ బంధువులకు మీ గురించి తప్పుడు రాతలు పంపించి బెదిరిస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, భార్యకు తెలియకుండా భర్త, భర్తకు తెలియకుండా భార్య ఒక్క రూపాయి అప్పు చేయకండి. ఒక పాత నోటుబుక్కు తీసి ఇద్దరూ కూర్చుని రాయండి. పాలు, కరెంటు, పొదుపు సంఘం కంతు, పిల్లల ఫీజు, జేజి మాత్రలు. ఏది ఈ నెల ఆపొచ్చు, ఏది ఆపకూడదు. కాగితం మీద పడిన కష్టానికి ఒక హద్దు ఉంటుంది. మనసులో తిరిగే కష్టానికి హద్దు ఉండదు.

ఆశలో కూడా రకాలున్నాయి. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర పొలాల్లో చూడండి. వజ్రాల కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. సద్దిమూట, నీళ్ల సీసా, గొడుగు. నడుము వంచి, తల దించి, దున్నిన చాలు వెంబడి ఒక్కొక్క అడుగే వేస్తారు. తడిసిన ఎర్రమట్టిలో ఏదైనా తళుక్కుమంటే వంగి తీసి, నోటి ఉమ్ముతో తుడిచి, ఎండకు పెట్టి చూస్తారు. గాజుపెంకు. మళ్లీ నడుస్తారు. దొరికినవాళ్లు ఉన్నారు, వ్యాపారులకు అమ్మి ఇల్లు కట్టుకున్నవాళ్లు ఉన్నారు. అందుకే మిగతావాళ్లు ప్రతి జూన్‌లోనూ వస్తారు. వాళ్లను నేను తప్పుపట్టను. పని ఉన్న మనిషి పొలంలో రాయి వెతుక్కోడు. కానీ ఆ చాలులో ప్రతి ఒక్కరూ ఒంటరే. పక్కవాడికి దొరికితే నాకు దొరకనట్టే. ఆ ఆశ మనిషిని మనిషికి దూరం చేస్తుంది.

ఇంకో రకం ఆశ చూడాలంటే కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో ఓర్వకల్లు దగ్గర దిగాలి. 1990ల నడుమ, ఐక్యరాజ్యసమితి సాయంతో నడిచిన పేదరిక నిర్మూలన పథకం కింద అక్కడి ఆడవాళ్లు సంఘాలు కట్టారు. రోజుకు ఒక రూపాయి. చాలామందికి సంతకం రాదు, వేలిముద్రే. కూలికి పోయి వచ్చి, రాత్రి పూట గుండ్రంగా కూర్చుని, ఒక్కొక్కరి రూపాయలు లెక్కబెట్టి పుస్తకంలో ఎక్కించి, ఎవరింట్లో ఏం అవసరమో మాట్లాడుకునేవాళ్లు. గమనించండి, అప్పు ఇవ్వడానికి ముందు కష్టం నలుగురి ముందు చెప్పాలి. బిడ్డకు జ్వరం, మొగుడికి పని లేదు, గింజలు లేవు. బయటికి చెప్పకూడదు అనుకున్న మాటే ఆ వలయంలో చెప్పితీరాల్సిన మాట అయింది. విన్న ఇంకొక ఆమెది కూడా అదే కథ అని అప్పుడే తెలిసేది. ఆ పొదుపు మీద మండల సమాఖ్య నిలిచింది, పిల్లల కోసం బాలభారతి అనే బడి కూడా ఆ అమ్మలే కట్టించుకున్నారు. తర్వాత రాష్ట్రమంతా నడిచిన వెలుగు పథకానికి దారి చూపినవాళ్లలో వీళ్లున్నారు.

వీళ్లకన్నా ఎంతో ముందే, 1938లో, ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం పెట్టారు. నూలు అప్పుకు తెచ్చి, చీర అదే షావుకారుకు అమ్మి, ఎప్పటికీ తేరుకోని నేతగాళ్లకు నూలు ఇచ్చి, కూలి ఇచ్చి, సరుకు తనే అమ్మే సంఘం అది. 1954లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆ తర్వాత మరమగ్గాలు వచ్చాయి, చేతిమగ్గం చప్పుడు తగ్గింది. ఏ సంఘమూ శాశ్వతం కాదు. అయినా ఆ నలభై, యాభై ఏండ్లలో ఎంతమంది పిల్లలు బడికి పోయారో, ఎన్ని పెండ్లిండ్లు జరిగాయో, అది పోయింది కాదు. ఉండిపోయింది.

పిల్లల గురించి ఒక మాట. నాయనకు పని పోయిన సంగతి వాళ్లకు తెలియదనుకోవడం మన భ్రమ. పొయ్యి మీద నూనె చప్పుడు తగ్గినప్పుడే వాళ్లకు తెలుసు. దాచిపెడితే తమవల్లే ఏదో తప్పు జరిగిందనుకుంటారు. "నాయనకు ఇప్పుడు పని లేదు, వెతుకుతున్నాడు, ఈ పండక్కి కొత్తబట్టలు కష్టం, బడి మాత్రం ఆగదు" అని నేరుగా చెప్పండి. పదేండ్ల పిల్ల అర్థం చేసుకుంటుంది. ఇంట్లో సాయంత్రం దీపం పెట్టే అలవాటుంటే, దువా చేసే అలవాటుంటే, ప్రార్థన ఉంటే, ఆ పూట అందరూ కలిసి కూర్చోండి. ఆ పది నిమిషాల్లో డబ్బు మాట రానీయకండి.

పని ఉన్న మనం చేయాల్సింది కూడా ఉంది. పని పోయినవాడు కనిపించగానే "ఇంకా ఏం దొరకలేదా?" అని అడగడం మానేద్దాం. ఆ ప్రశ్న వాడు రోజుకు పదిసార్లు తనకు తానే వేసుకుంటున్నాడు. "సాయంత్రం కలుద్దాం రా" అనండి. ఎక్కడైనా లెక్కలు రాసే పని, బండి తోలే పని, అంగట్లో కూర్చునే పని ఉందని వింటే ఫోన్ చేసి చెప్పండి, వాడు అడిగేదాకా ఆగకండి. చాలామందికి మళ్లీ పని దొరికేది ఎవరో ఒక తెలిసినవాళ్ల నోటి మాట మీదే. గుడిలో, మసీదులో, చర్చిలో రోజూ వచ్చే మనిషి రెండు వారాలు కనిపించకపోతే ఎవరో ఒకరు ఇంటికి పోయి పలకరించండి. ఉత్త చేతులతో పోకండి. కందిపప్పో, బొరుగులో, చెట్టుకాయో ఏదో ఒకటి. ఇచ్చేటప్పుడు "మా ఇంట్లో ఎక్కువైంది" అని చెప్పి ఇవ్వండి, చాలు.

ఇంట్లో ఎవరైనా మాట తగ్గించేసి, తిండి తగ్గించేసి, నేను లేకుంటేనే మీకు సుఖం అన్న ధోరణిలో మాట్లాడితే, దాన్ని విసుగులో అన్న మాటగా వదిలేయకండి. వాళ్లను ఒంటరిగా ఉంచకండి. పురుగుమందు డబ్బా ఇంట్లో ఉంటే ముందు దాన్ని బయటికి తీసేయండి. టెలీ మానస్ అని సర్కారు నడిపే ఫోన్ సాయం ఉంది, 2022 అక్టోబరు నుంచి. నంబరు 14416. పగలైనా రాత్రైనా చేయొచ్చు, డబ్బు కట్టాల్సిన పనిలేదు, తెలుగులోనే మాట్లాడతారు. కాగితం, పెన్సిలు దగ్గర ఉంటే రాసుకోండి. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.